సూది ఎత్తినాక

కామాక్షి టీచరు ఆ పెట్టెను మూడోసారి తెచ్చి కౌంటరు మీద పెట్టినప్పుడు అల్లాబక్ష్ దాని మూత కూడా విప్పలేదు. దుకాణంలో ఉన్న పాత రికార్డు ప్లేయరుకు తగిలించి, తన దగ్గరున్న ఒకే ఒక్క రికార్డు వేసి, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. ప్రొద్దుటూరు బస్టాండులోకి మలుపు తిరుగుతున్న బస్సు పొడుగ్గా హారన్ కొట్టింది. ఎదురుగా చెరుకురసం మిషను గజ్జెలు మోగుతున్నాయి.

"బాగుంది గదా టీచరమ్మా," అన్నాడు.

ఆమె స్టూలు మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పులివెందులలో సంగీతం టీచరుగా చేసి రిటైరైన మనిషి. పాత రికార్డు ప్లేయరు ఒకటి బాగు చేయించుకుని, దానికి ప్రీయాంప్ కట్టిమ్మని రెండు నెలల కిందట ఈ దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. రికార్డు మీద సూది తెచ్చే శబ్దం చీమ నడకంత. దాన్ని స్పీకరు దాకా పోయేంతగా పెంచేది ఆ చిన్న పెట్టె. ఎడమ పక్కకు రెండు ట్రాన్సిస్టర్లు, కుడి పక్కకు రెండు. మిక్సీలూ గుడి మైకుసెట్లూ తప్ప వేరే పని ఎరగని ఈ రోజుల్లో అల్లాబక్ష్ ఆ పెట్టెను ముచ్చటపడి తన చేత్తోనే కట్టాడు.

"ఎడమపక్క సుయ్యిమని గాలి వస్తాంది అల్లాబక్షూ," అంది ఆమె. "తంబూర కూడా ఆ పక్క సన్నబడి పోతాంది. నావన్నీ పాతకాలం రికార్డులు. రెండు పక్కలా ఒకే తీరు రావాల గదా."

అల్లాబక్ష్ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఆయన కోపంగా అనలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు నచ్చజెప్పినట్టే అన్నాడు. "ఏమనుకోవద్దు టీచరమ్మా. నాలుగు ట్రాన్సిస్టర్లూ కంపెనీ నుంచి ఒకే కాగితం పట్టీకి వరసగా అతికించి వచ్చినవి. ఒక తల్లి బిడ్డలు. వాటిల్లో తేడా యాడిది? వయసు అరవై దాటినాక ఒక చెవి తగ్గేది మామూలే. కడపలో మంచి డాక్టరు ఉండాడు, ఒకసారి చూపించుకోండి."

వెనక బల్ల దగ్గర మిక్సీ మోటారుకు బుష్ వేస్తున్న, పని నేర్చుకునే పిల్ల ఫిర్దోస్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. టీచరు ఏదో ఒకటి అంటుందనుకుంది. ఆమె పెట్టెను పాత పంచెగుడ్డలో మళ్ళీ చుట్టుకుంది. ముడి మొదటిసారి జారితే రెండోసారి వేసింది.

ఫిర్దోస్ లేచి ఆ పెట్టె అందుకుని బస్టాండు దాకా వెంట నడిచింది. పులివెందుల బస్సు ఇంకా కదలలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాక టీచరు పెట్టెను ఒళ్ళోకి తీసుకుంది.

"అతను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు పాపా," అంది. "నాకూ అనుమానం ఉండాది. ఎనిమిది మంది పిల్లలు వస్తాండ్రి సంగీతానికి. ఈ నెల రావద్దని చెప్పినా. చెవి సరిగా లేనిదాన్ని, వాళ్ళకు అపస్వరం నేర్పితే ఆ పాపం నాకెందుకు? వచ్చే గురువారం కడపకు పోతాండా. డాక్టరు చెవి పోయిందంటే, ఇంక రికార్డులు కూడా ఎవరికన్నా ఇచ్చేస్తా."

బస్సు కదిలింది. ఫిర్దోస్ అక్కడే నిలబడి, ఆమె ఆ పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని పోవడం చూసింది. ఒకే పట్టీలోవి గనక ఒకటే అని అల్లాబక్ష్ చాచా అన్నాడు. కొలిచి చెప్పలేదు.

మరునాడు పొద్దున దుకాణం ఊడ్చి, గల్లా దగ్గర అగరుబత్తి వెలిగించాక, ఆ పట్టీలో మిగిలినవి కొలవనా అని ఆమె అడిగింది. పని లేనప్పుడు కొలుచుకోమన్నాడు అల్లాబక్ష్, పేపరు మీంచి తల ఎత్తకుండా.

పట్టీలో ఇరవై ఆరు మిగిలాయి. మీటరు మీద ట్రాన్సిస్టరు కాళ్ళు దూర్చే చిన్న రంధ్రాలున్నాయి. అందులో గుచ్చితే అది శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచగలదో అంకె వస్తుంది. దాన్ని గెయిన్ అంటారు. మొదటిది 312. రెండోది 228. మూడోది 405. నాలుగోది 190.

ఫిర్దోస్ మళ్ళీ మొదటిది గుచ్చింది. ఈసారి 321. తీసి, ఊది, గుచ్చింది. 325.

ఆమె బల్ల మీద మోచేతులు ఆనించి చాలాసేపు ఆ అంకెలనే చూసింది. ఒక తల్లి బిడ్డలు కారని తేలిపోయింది. కానీ ఒక్కటే బిడ్డ మూడుసార్లకు మూడు వయసులు చెబితే దేన్ని నమ్మాలి? పన్నెండు గంటలకు రేకుల పైకప్పు కాలి దుకాణం పొయ్యిలా అయ్యాక అదే ట్రాన్సిస్టరు 340 చూపించింది. వేళ్ళతో పట్టుకుని మళ్ళీ పెడితే ఈసారి పెరగడానికి బదులు తగ్గింది.

అల్లాబక్ష్ వచ్చి ఆమె రాసుకున్న కాగితం చూశాడు. "మీటరు సెల్లు అయిపోయింటాది," అన్నాడు. కొత్త సెల్లు వేసినా అంకెలు అట్లాగే ఎగిరాయి. "చూస్తివా. ఈ కొలతలన్నీ వట్టివి బేటీ. చేత్తో కట్టాల, చెవితో వినాల. అంతే." ఆయన గొంతులో కొంచెం నిమ్మళం వినిపించింది.

మధ్యాహ్నం ఆమె అబ్బాకు సద్ది తీసుకుపోయింది. ఆమె తండ్రి ముబారక్ బంగారు అంగళ్ళ వీధిలో నగలకు రాళ్ళు పొదిగే పనిచేస్తాడు. ఆమె పోయేసరికి సేటు ఎవరివో తెగిన గొలుసు ముక్కలు తూకానికి ఇచ్చాడు. ముబారక్ లేచి ఫ్యాను ఆపాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఉస్సురంటూ కొంగులతో విసురుకున్నారు. అతను ముక్కలను పట్టకారుతో ఒక్కొక్కటి ఎత్తి తట్టలో పెట్టి, త్రాసు గాజు తలుపు మూసి, అంకె కదలకుండా నిలిచేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫిర్దోస్ పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే. ఆ రోజు గడప దగ్గర సద్దిగిన్నె పట్టుకుని, మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఏంది అట్ల చూస్తాండావు?" అన్నాడు ముబారక్.

"ఫ్యాను ఆపకపోతే ఎంత తేడా వస్తాది అబ్బా?"

"ఎంతో రాదు. పొద్దున ఒక తూకం, మధ్యాహ్నం ఒక తూకం వస్తే మాత్రం మళ్ళీ ఈ గడప ఎవరూ తొక్కరు."

తిరిగి దుకాణానికి నడుస్తూ ఆమె తన చూపుడువేలూ బొటనవేలూ రుద్దుకుంది. పొద్దున చల్లగా ఉన్న ట్రాన్సిస్టరును ఆ వేళ్ళే వెచ్చబరిచాయి. మధ్యాహ్నం కాలుతున్న దాన్ని ఆ వేళ్ళే చల్లబరిచాయి. మిగతాది ఫ్యాను గాలి చేసింది. మీటరు అబద్ధం చెప్పలేదు. ఆమె అడిగిన తీరు సరిగా లేదు.

ఆ సాయంత్రం ఒక చెక్కముక్క మీద మూడు రంధ్రాల సాకెట్టు బిగించింది. దుమ్ము పడకుండా, గాలి తగలకుండా పైన బోర్లించడానికి గాజు గ్లాసు ఒకటి తెచ్చుకుంది. అబ్బా దగ్గర పాత పట్టకారు అడిగి పుచ్చుకుంది. ఫ్యాను ఆపి, పట్టకారుతో గుచ్చి, గ్లాసు బోర్లించి, అరవై దాకా లెక్కపెట్టి అప్పుడు అంకె చూసింది. 318. తీసి మళ్ళీ పెట్టింది. 318. ఇంకోసారి. 318.

అల్లాబక్ష్ ఆ మూడు అంకెలూ చూశాడు. పట్టీలోవన్నీ కొలిచాక నాలుగు ఒకేలాంటివి దొరకలేదు. అప్పుడు ఆయనే, ఎటో చూస్తూ, జమ్మలమడుగులో తిరుపాలమ్మ ఇంట్లో పాత లోహపు టోపీ ట్రాన్సిస్టర్లు ఒక డబ్బాడు ఉండాల అన్నాడు. ఆమె మొగుడు రేడియో మెకానిక్కు. చనిపోయి ఏడేళ్ళయింది.

శుక్రవారం దుకాణం సెలవు. ఫిర్దోస్ జమ్మలమడుగు బస్సెక్కింది. తిరుపాలమ్మ మొగుడి రేడియో కొట్టులోనే ఇప్పుడు బొరుగులూ మిరపకాయ బజ్జీలూ అమ్ముతోంది. అల్లాబక్ష్ పంపాడంటే పొయ్యి మీద నూనె దించి, అటక ఎక్కి, మసిబట్టిన పౌడరు డబ్బా తెచ్చి పాత పేపరు మీద కుమ్మరించింది.

"ఆయప్ప వీటిని నన్ను తాకనిస్తే ఒట్టు," అంది. "నన్నయినా అంత భద్రంగా చూసుకోల్యా. ఏంది పాపా ఇవి, మూడుకాళ్ళ చీమల్లెక్క ఉండాయి. ఏం చేస్తావు?"

ఒకే తీరుగా ఉన్నవి నాలుగు ఏరాలని ఫిర్దోస్ చెప్పింది. తిరుపాలమ్మ నవ్వింది. డబ్బాడు చీమల్లో నాలుగు కవలలను ఏరేదానికి ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చినావా అని అడిగి, అన్నీ తీసుకుపొమ్మని, వేడి బజ్జీలు రెండు పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది.

శనివారం పొద్దున ఏడుకే దుకాణం తీయించింది. రేకులు కాలకముందే అన్నీ ఒకే వేళలో కొలవాలి. డబ్బాలో అరవై నాలుగున్నాయి. కోడిగుడ్ల అట్టలు మూడు తెచ్చి, గుంతకొకటి చొప్పున పెట్టి, గుంతల అంచున పెన్సిలుతో అంకె రాసింది. పట్టకారు, గ్లాసు, అరవై లెక్క, అంకె. మళ్ళీ పట్టకారు, గ్లాసు. చెమట కనుబొమ్మ మీద నిలిచితే మోచేతితో తుడుచుకునేది తప్ప వేళ్ళు ముఖానికి తగలనివ్వలేదు. మిక్సీ జారు కోసం వచ్చిన ఒకాయన, దుకాణంలో ఇడ్లీ ఉడకబెడతాండారా మామా, ఫ్యాను వేస్తే పుణ్యముంటాది అన్నాడు. అల్లాబక్ష్ చెయ్యి స్విచ్చు దాకా పోయింది. ఫిర్దోస్ తల ఎత్తి చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, కరెంటు తక్కువుందప్పా, అని అబద్ధం చెప్పాడు.

తొమ్మిదిన్నరకు నలభై రెండోది 402 చూపించింది. అప్పటికే 402 రెండు, 403 ఒకటి ఉన్నాయి. నాలుగింటినీ పక్కన పెట్టింది. ఆ చుట్టుపక్కల అంకెలవే ఇంకో పదకొండు ఏరి పెట్టుకుంది.

"రేపు పులివెందులకు పోయి మార్చి వస్తా చాచా," అంది.

అల్లాబక్ష్ కంటికి పెట్టుకున్న లెన్సు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "పోయి ఏమని చెప్తావు? అల్లాబక్ష్ తప్పు కట్టినాడనా?"

"ఒకే పట్టీలోవి కూడా ఒకటి కావని చెప్తా. అది మనకు తెలియదని చెప్తా."

"నా పేరుతో ఈ ఊర్లో ఒక్క సెట్టు వెనక్కి రాలేదు."

"ఇది మూడుసార్లు వచ్చింది చాచా."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన చాలాసేపు గుడ్ల అట్టల్లోని అంకెలు చదివాడు. తర్వాత లేచి, డ్రాయరులోంచి తన చిన్న సోల్డరింగ్ ఐరన్ తీసి, వైరు చుట్టి ఆమె ముందు పెట్టాడు. "నీ పెద్దది పనికిరాదు. పాత ట్రాన్సిస్టర్లు వేడికి ఓర్చవు," అని చెప్పి టీకి పోయాడు.

పులివెందులలో టీచరు ఇల్లు మిద్దె మీద. ముందుగదిలో ఒక మూల చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎనిమిది మంది పిల్లలు కూర్చోవలసిన చాపలు. ఇంత దూరం ఎందుకొచ్చినావు, ఎట్లాగూ గురువారం డాక్టరు దగ్గరికి పోతున్నానని ఆమె రెండుసార్లు అంది. ఫిర్దోస్ కొలిచిన సంగతి చెప్పి, పాత నాలుగూ ఊడదీసి అక్కడే కొలిచి చూపించింది. కుడి పక్కవి 390, 405. ఎడమ పక్కవి 230, 195. టీచరు కళ్ళజోడు సర్దుకుని ఆ అంకెలను చదివి, మళ్ళీ చదివింది.

కొత్తవి అతికి, ఫ్యాను ఆపి, రికార్డు వేశారు. తంబూర మొదలైంది. టీచరు రెండు స్పీకర్లకూ మధ్య, నేల మీద కూర్చుంది. ఆమె వేళ్ళు మోకాలి మీద కదలడం మానేశాయి.

"గాలి పోయింది," అంది మెల్లగా. "తంబూర నడిమధ్య కూర్చుంది పాపా."

ఫిర్దోస్ సామాను సంచిలో సర్దుకోసాగింది. పట్టకారు పెట్టింది, గ్లాసు పేపర్లో చుట్టింది. అప్పుడు టీచరు మళ్ళీ అంది, తప్పు చేసిన పిల్ల చెప్పినట్టు: "కానీ ఇంకోటి ఉండాది. యాడనో దూరంగా, పక్కింట్లో ఆవాలు చిట్లినట్టు. ఒకటి. కాసేపటికి ఇంకోటి. కుడి పక్క."

ఫిర్దోస్ విన్నది. ఆమెకేమీ వినిపించలేదు. మీటరు తీసి రెండు పక్కలూ కొలిచింది. రెండూ ఒకటే. అంకెకు అంకె సరి. వేలు తగలకుండా ఒక్కొక్కటే కొలిచి ఏరిన ట్రాన్సిస్టర్లు. అంతా సరిగా ఉంది టీచర్, మీకు అట్ల అనిపిస్తాందేమో అనే మాట నాలుక మీదికి వచ్చింది. టీచరు అప్పటికే తల దించుకుని, ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు, కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది.

బుధవారం అల్లాబక్ష్ ముందు ఆమె ఇట్లాగే కూర్చుంది.

ఫిర్దోస్ మాట మింగింది. "రికార్డు మీద దుమ్మేమో టీచర్," అని మాత్రం అడిగింది.

"దుమ్మయితే చుట్టు తిరిగినప్పుడల్లా అదే చోట రావాల. ఇది దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తాంది." టీచరు లేచి, ప్లేయరు దగ్గరికి పోయి, సూదిని ఎత్తి పక్కన పెట్టింది. పాట ఆగింది. గదిలో నిశ్శబ్దం. వీధిలో ఎవరో బిందె కడుగుతున్నారు. "సూది ఎత్తినా వస్తాంది. అదుగో."

ఫిర్దోస్ సంచిలోంచి హెడ్‌ఫోన్లు తీసి పెట్టెకు తగిలించి, సౌండు మొత్తం పెంచి చెవులకు పెట్టుకుంది. స్పీకర్లను అట్లాగే మోగనిచ్చి, వాటిల్లోంచి వినిపించినప్పుడు వేలు ఎత్తమని టీచరును కోరింది. మొదట ఏమీ లేదు. నిమిషం గడిచింది. టీచరు వేలు ఎత్తింది. ఫిర్దోస్ కళ్ళు మూసుకుని ఊపిరి పక్కకు వదిలింది. ఇంకో నిమిషం. టప్. ఎంత చిన్నదంటే, గోరు మీద గోరు పెట్టి చిట్లించినట్టు. ఆమె కళ్ళు తెరిచేసరికి గదికి అవతల టీచరు వేలు ఎత్తి ఉంది. మళ్ళీ టప్. మళ్ళీ వేలు. ఏడుసార్లు చూసింది. ఏడుసార్లూ హెడ్‌ఫోన్లలో తను వింటున్నదాన్నే, ఆరడుగుల దూరంలో గోడ పక్క స్పీకర్లోంచి ఆ పెద్దామె విన్నది.

"ఉంది టీచర్," అంది ఫిర్దోస్. "నిజంగానే ఉంది. పాత ట్రాన్సిస్టర్లలో కొన్ని లోపల చిట్లుతుంటాయంట. పుస్తకంలో చదివినా. మీటరు దాన్ని కొలవలేదు."

టీచరు కొంగుతో ముఖమంతా ఒకసారి తుడుచుకుని, ఫ్యాను లేకపోతే ఎంత ఉక్క, అంది. వంటింట్లోకి పోయి ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. గ్లాసు కింద పెడుతూ, "ఏది చిట్లుతాందో ఎట్ల పట్టుకునేది?" అని అడిగింది. ఆ గొంతు పాఠం చెప్పే మనిషిది.

కుడి పక్క రెండింటినీ ఒక్కొక్కటే మార్చి విని చిట్లేదాన్ని తీశాక, దాని చోట వెంట తెచ్చిన ఆ పదకొండింటినీ ఒక్కొక్కటే పెట్టి చూడాలని నిర్ణయించారు. ఫిర్దోస్ ఒకటి అతుకుతుంది. టీచరు గడియారం చూసి అయిదు నిమిషాలు వింటుంది. ఉంది అంటుంది, లేదు అంటుంది. ఫిర్దోస్ తన కాగితంలో గెయిన్ అంకెల పక్కన కొత్త గడి ఒకటి గీసి, ఆ మాటే రాసింది. నాలుగోదానికి ఇద్దరూ వేరే వేరేగా చెప్పారు. ఫిర్దోస్ లేదంది, టీచరు ఉందంది. ఇంకో అయిదు నిమిషాలు విన్నాక ఫిర్దోస్ తన మాట కొట్టేసింది. మధ్యాహ్నం అయింది. టీచరు పెరుగన్నం కలిపి తెచ్చి, తింటూ కూడా వినింది. పదకొండులో రెండు చిట్లాయి, మొదట తీసినదానితో కలిపి మూడు. బాగున్నవాటిల్లోంచి, అప్పటికే పెట్టినదాని అంకెకు సరిపోయేది టీచరే ఎంచింది.

చివరికి రికార్డు వేశారు. ఒక పక్కంతా అయిపోయేదాకా ఇద్దరూ విన్నారు. సూది ఎత్తాక కూడా టీచరు కాసేపు అట్లాగే కూర్చుని వినింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఏమీ లేదు," అంది. "శుభ్రంగా, ఏమీ లేదు."

సోమవారం ఫిర్దోస్ ఆ మూడింటినీ కౌంటరు మీద కాగితంలో పెట్టింది. అల్లాబక్ష్ ఫ్యాను ఆపాడు. తనే పట్టకారు అందుకుని, గ్లాసు బోర్లించి, పెదవులతో అరవై లెక్కపెట్టాడు. 402. 401. 403.

"ఇవి భేషుగ్గా ఉండాయి గదా. ఎందుకు తీసేస్తివి?"

"టీచరమ్మ వద్దనింది. లోపల చిట్లుతాండాయి చాచా."

ఆయన నవ్వి, దుకాణంలో పరీక్షకు పెట్టుకున్న బోర్డులో ఒకదాన్ని అతికి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. షట్టరు సగం దించమన్నాడు. ఫిర్దోస్ ఇంకో జత తగిలించుకుని ఎదురుగా కూర్చుంది. టప్ మంది. ఆమె ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. మళ్ళీ టప్ మంది. ఆయన సౌండు ఇంకా పెంచాడు. కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి, నాలుగోసారి, అయిదోసారి.

"ఇంకా రాలేదా?" అని అడిగాడు.

ఫిర్దోస్ తన హెడ్‌ఫోన్లు తీసేసింది. ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె చూపులోనే ఆయనకు అంతా తెలిసింది. మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, చుట్టిన దాన్ని మళ్ళీ విప్పి చుట్టాడు. తన కుడి చెవి తమ్మె ఒకసారి పట్టి చూసుకున్నాడు. బయట చెరుకురసం మిషను తిరుగుతూనే ఉంది.

చాలాసేపటికి ఫోను తీసి నంబరు నొక్కాడు. కౌంటరు మీద పెట్టి స్పీకరు వేశాడు. అవతల ఎత్తిన వెంటనే, "టీచరమ్మా, నేను ప్రొద్దుటూరు అల్లాబక్ష్," అన్నాడు. "ఆ పొద్దు నేను అనరాని మాట అంటిని. మీ చెవికి ఏమీ కాలేదు. డాక్టరు కాడికి నేను పోవాల."

"ఇంకో మాట," అన్నాడు ఆయన. "జమ్మలమడుగు నుంచి ఇట్లాంటి పెట్టే ఇంకొకాయన అడిగినాడు. మా ఫిర్దోస్ కడతాది. కొలిచేది ఆ పాప కొలుస్తాది. మీరు ఒకసారి విని చెప్తారా?"

"వింటా," అంది కామాక్షి టీచరు. ఆమె వెనక ఎవరో చిన్నపిల్ల పక్క పిల్లతో చాప కోసం పోట్లాడుతోంది. "కానీ సాయంత్రం నాలుగు గంటల లోపలే పంపించు అల్లాబక్షూ. నాలుగు నుంచి నాకు తీరదు. పిల్లలు వస్తారు."